తిననివారికే మంచం

డాక్టర్ చిట్టూరి మార్కండేయులుకి ఆ జిల్లా కేంద్రంలో రెండు పేర్లున్నాయి. ప్రభుత్వాసుపత్రిలో పిచ్చి డాక్టరనేవారు, ఊళ్ళో క్లబ్బులవాళ్ళు తిండి డాక్టరనేవారు. మొదటి పేరు ఉద్యోగం వల్ల వచ్చింది, రెండోది ఉపన్యాసాల వల్ల. తిండి అంటేనే భయపడిపోయే జబ్బు ఒకటుందనీ, అది పొగరూ కాదు, సోకూ కాదు, నిజంగా ప్రాణం తీసే జబ్బనీ, అలాంటివాళ్ళని ఎగతాళి చెయ్యడం మాని మంచి వైద్యం అందించాలనీ ఆయన ఎక్కడ మైకు దొరికితే అక్కడ చెప్పేవాడు. ఉపన్యాసంలో గొంతు బొంగురుపోయే చోటు ఒకటుంది. అక్కడికి రాగానే ప్రతిసారీ బొంగురుపోయేది. అయ్యాక క్లబ్బువాళ్ళు విందు పెట్టేవారు. ఆ విందుని ఆయన ఎన్నడూ కాదన్నవాడు కాదు.

ఈ సంగతి ఎవరో ఎత్తిపొడిచేదాకా ఆగకుండా ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. తనని తాను ముందే వెక్కిరించుకుంటే ఇంకొకరికి ఆ అవకాశం దక్కదు, పైగా మారాల్సిన అవసరమూ ఉండదు. ఇది ఆయన స్వానుభవం మీద కనిపెట్టుకున్న వైద్యం.

ఒక్కటే లోటు. ఇంత ప్రచారం చేసినా ఆ జబ్బున్న మనిషి ఒక్కరూ ఆయన గడప తొక్కిన పాపాన పోలేదు. 'తిండి జబ్బు' అనే మాట చెవిన పడగానే జనానికి గుర్తొచ్చేది పెళ్ళిళ్ళలో రెండో పంక్తిలో కూడా కూర్చునే బంధువులు. మా బావమరిదికి ఉందండి ఆ జబ్బు అని ఉపన్యాసం అయ్యాక ఎవరో ఒకరు వచ్చి చెప్పక మానేవారు కాదు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేసి విందు దగ్గరికి నడిచేవాడు.

అలాంటిది ఒక సోమవారం ఉదయం, జాకెట్లు కుట్టుకుని బతికే వీరవేణి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయి పేరు హిమజ, డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిందట.

"తినదండి," అంది వీరవేణి. "అడిగితే తిన్నానంటదండి. నాకు ముందు తెలీలేదండి. కుట్టిన డ్రస్సే మళ్ళీ మళ్ళీ బిగించాల్సొత్తుంటే అప్పుడు అర్థమైందండి."

దిష్టి తీయించిందట. పెళ్ళి చేస్తే అదే తింటుందని పక్కింటివాళ్ళన్నారట. ఇంకో డాక్టరు బలానికి టానిక్కు రాసి, సినిమాలు చూసి చెడిపోతున్నారని పిల్లని నాలుగు చివాట్లు పెట్టి పంపాడట. ఇదంతా తల్లి చెబుతున్నంతసేపూ హిమజ నేల వంక చూస్తూ, నాకేం కాలేదండీ, బానే ఉన్నానండీ అని మధ్యమధ్యలో అంటూనే ఉంది.

మార్కండేయులు వాతావరణం తేలిక చేద్దామని అలవాటు ప్రకారం తన పొట్ట తట్టుకుని, ఇందులోంచి కొంత నీకు బదిలీ చేస్తే ఇద్దరం బాగుపడతాం కదమ్మా అన్నాడు. క్లబ్బుల్లో ఆ మాటకి చప్పట్లు పడేవి. ఇక్కడ ఆ అమ్మాయి ఉలిక్కిపడి చున్నీ లాక్కుని తన పొట్ట కప్పుకుంది. ఆ పొట్ట వీపుకి అంటుకుపోయి ఉంది. డాక్టరు నవ్వు సగంలో మింగేసి నాడి చూశాడు. ఆ నాడి ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందంటే, రెండు దెబ్బల మధ్య ఆయనకి భయపడటానికి తీరిక దొరికింది. ఈ జబ్బు ప్రాణం తీస్తుందని ఆయన ఎన్నో వేదికల మీద అన్నాడు గానీ, ఆ మాట నిజమని ఆయనకి తెలిసింది అప్పుడే.

పిల్లని వెంటనే చేర్చుకోవాలి. గుండెనీ, రక్తంలో లవణాలనీ కనిపెట్టుకుని ఉండాలి. అందుకు ఒక మంచం కావాలి.

మంచం కోసం ఆయన ఆసుపత్రంతా తిరిగాడు. మెడికల్ వార్డువాళ్ళు ఇది మనసు జబ్బు కదా అన్నారు. ఆయన సొంత మానసిక వార్డులో, గోల చేసేవాళ్ళకే చోటు చాలక ఇద్దరిద్దర్ని పడుకోబెడుతున్నారు. వంటశాల అధికారి అయితే, తినని రోగిని చేర్చుకుంటే ఆ భోజనం ఎవరి ఖాతాలో వృథా అయినట్టు చూపించాలని ఎదురు ప్రశ్న వేశాడు. చివరికి సూపరింటెండెంట్ భుజంగరావు గారి గదిలో తేలాడు.

భుజంగరావు గారు మాటని మాట మీద పేర్చి, ఇస్త్రీ చేసి మరీ బయటికి వదిలే మనిషి. "మార్కండేయులు గారూ, ఈ సంస్థలో ప్రతి మంచానికీ ఒక కారణం ఉంటుంది. కారణం లేకుండా మంచం ఇచ్చామనుకోండి, రేపు మంచాలు లేకుండా కారణాలు బయల్దేరతాయి."

తిననివాళ్ళకి ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క మంచం లేదా అని మార్కండేయులు వాపోయాడు.

"లేదని ఎవరన్నారు? నిరాహార దీక్షాపరులకి ఉంది," అన్నారు భుజంగరావు గారు.

అది నిజమే. ఎప్పుడో ఒక నాయకుడి దీక్ష వికటించి పెద్ద గొడవైన నాటినుంచీ మేడ మీద ఏసీ గది ఒకటి అట్టేపెట్టారు. అన్నం మానేసి కూర్చున్న వాళ్ళెవరైనా సరే అక్కడ చేర్చుకోవాలి. గంట గంటకీ నాడి చూడాలి, గుండె పరీక్ష చెయ్యాలి, పూట పూటకీ రక్తం పంపాలి, సాయంత్రం ఆరోగ్య ప్రకటన విడుదల చెయ్యాలి. దీక్షాపరుడికి తోడుండే మనిషికి రెండు పూటలా భోజనం కూడా ఆసుపత్రే పెట్టాలి. హిమజకి ఏం వైద్యం జరగాలని మార్కండేయులు ఉపన్యాసాల్లో కలలు కన్నాడో, అదంతా ఆ రూలులో కామా పోకుండా ఉంది.

"అయితే ఆ అమ్మాయి దీక్షలో ఉందని రాసుకోండి సార్," అన్నాడు మార్కండేయులు.

భుజంగరావు గారు కళ్ళజోడు తీసి, ఆవిడ పట్టుదలగానే మానేసిందా అని అడిగారు. అంత పట్టుదల తమ ఇద్దరికీ కలిపి కూడా లేదని మార్కండేయులు హామీ ఇచ్చాడు. ఇంకెవరి బలవంతమూ లేదు కదా అన్నారు. లేదన్నాడు. అయితే అర్హురాలే అని తేల్చి, సంతకం పెడుతూ పెడుతూ ఒక్క మాట అన్నారు: దీక్ష విరమించిన వెంటనే గది ఖాళీ చెయ్యాలి, అదీ రూలే. ఆ సంతోషంలో మార్కండేయులుకి ఆ మాట సగమే వినిపించింది. మేడ మెట్లు ఎక్కుతుంటే తాను చాణక్యుడి వంశంలో పుట్టాల్సినవాడినని ఆయనకి అనిపించింది.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. హిమజ నాడిని సిస్టర్ రాహేలు గంట గంటకీ చూసేది. రక్తపరీక్ష ఫలితాలు అడక్కుండానే వచ్చేవి. మార్కండేయులు రోజూ ఆ అమ్మాయి పక్కన కూర్చుని తీరిగ్గా మాట్లాడేవాడు, పొట్ట జోకులు మానేశాడు. సాయంత్రం కాగానే ప్రకటన రాసేవాడు: దీక్షాపరురాలు నేడు కూడా ఆహారము స్వీకరించలేదు, ఆరోగ్యము నిలకడగా ఉన్నది. తిండి జబ్బుకి జిల్లాలో అంత మంచి వైద్యం అందుకున్న మొదటి రోగి హిమజే. కాకపోతే ఆమెకి ఆ జబ్బున్నట్టు ఆసుపత్రి కాగితాల్లో ఎక్కడా లేదు.

దీక్ష అన్నాక ప్రభుత్వం ఊరుకుంటుందా? ముందు తలుపు దగ్గర సింహాచలం అనే కానిస్టేబులు వెలిశాడు. లోపలి మనిషి దొంగచాటుగా తినకుండా చూడటం, బయటివాళ్ళెవరూ బలవంతాన తినిపించకుండా చూడటం అతని డ్యూటీ. వెనకాలే డిమాండ్లు తెలుసుకోవడానికి ఆర్డీవో దక్షిణామూర్తి గారు స్వయంగా వేంచేశారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు జారీ చేసినట్టే ఉంటుందని ప్రతీతి.

"మీ కుమార్తె ఏమి కోరుచున్నదో సవివరముగా తెలియజేయవలెను," అన్నారాయన వీరవేణితో.

"ఏం కోరదండి. చిన్నప్పట్నించీ అంతేనండి. పుట్టినరోజుకి గౌను కావాలని కూడా అడగలేదండి."

ఆర్డీవో గారు ఆందోళనపడ్డారు. కోరిక గల దీక్షకు పరిష్కారము గలదు, పరిశీలించి తిరస్కరించవచ్చును, కోరికయే లేని దీక్ష పరిపాలనకు మిక్కిలి ప్రమాదకరము అని మార్కండేయులుని ఒక మూలకి తీసుకెళ్ళి చెప్పారు. మళ్ళీ మంచం దగ్గరికి వచ్చి, ఈ దీక్ష ఎవరికి వ్యతిరేకముగా చేయుచున్నారమ్మా అని హిమజనే అడిగారు.

హిమజ కాసేపు ఆలోచించింది.

"నాకేనండి," అంది.

వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. ఆర్డీవో గారు మాత్రం ఊపిరి పీల్చుకున్నారు, ప్రభుత్వానికి వ్యతిరేకము కానందుకు. "అటులైనచో తమతో తమకు చర్చలు ఏర్పాటు చేయుటకు ప్రభుత్వము సర్వదా సిద్ధముగా ఉన్నది," అని హామీ ఇచ్చి కదిలారు. మార్కండేయులు ఆ మాట విని నవ్వబోయి ఆగిపోయాడు. తాను రోజూ ఆ మంచం పక్కన కూర్చుని చేస్తున్నది సరిగ్గా అదే. మనసుకి చేసే వైద్యం గురించి ఇంత ముక్కుసూటి నిర్వచనం ఆయన చదివిన పుస్తకాల్లో లేదు.

ఈలోగా ఆసుపత్రి గేటు ముందు టెంటు లేచింది. సమస్త సమస్యల సాధన సమితి అధ్యక్షుడు వెలిచేటి గోవర్ధనం, ఒక ఆడకూతురు ఒంటరి పోరాటం చేస్తుంటే ఊరు చూస్తూ ఊరుకోదని ప్రకటించి, సంఘీభావంగా రిలే దీక్షలు మొదలుపెట్టించాడు. సమితి సభ్యులు ఇళ్ళ దగ్గర టిఫిన్లు కానిచ్చి వచ్చి దండలు వేయించుకుని కూర్చునేవారు, భోజనాల వేళకి లేచి ఇంకో జట్టుకి చోటిచ్చేవారు. 'హిమజ గారి న్యాయమైన డిమాండ్లను వెంటనే నెరవేర్చాలి' అని బ్యానరు కట్టారు. అవేమిటో తెలిశాక రాయిద్దామని కింద జానెడు ఖాళీ వదిలారు.

తనని ఎవరూ చూడకుండా ఉంటే చాలనుకునే ఆ పిల్ల, తన పేరు మైకులో వీధంతా మోగుతుంటే, లోపల దుప్పటి కప్పుకుని చెవులు మూసుకునేది. మార్కండేయులు వెళ్ళి గోవర్ధనాన్ని బతిమాలాడు. గోవర్ధనం ఆయనకే ఒక దండ వేసి, మైకు చేతికిచ్చి, మీరు కూడా నాలుగు మాటలు చెప్పండి సార్ అన్నాడు. జనం బాగానే ఉన్నారు. మార్కండేయులు మైకు తీసుకున్నాడు, నాలుగు మాటలు చెప్పాడు కూడా, ఆ చోటు రాగానే గొంతు బొంగురుపోయింది. మేడెక్కాక గానీ తాను వెళ్ళింది మైకు ఆపించడానికని ఆయనకి గుర్తు రాలేదు.

అయితే ఆ హడావిడి మధ్యనే, హిమజకి తనతో తనకి జరిగే చర్చలు కొంచెం కొంచెంగా ఫలించసాగాయి. ఒక మధ్యాహ్నం సిస్టర్ రాహేలు ఆయన్ని వరండాలో ఆపి, మొహం వెలిగిపోతుంటే గొంతు తగ్గించి చెప్పింది.

"రెండు ముద్దలు చారన్నం తిందండి సార్. తనంతట తనే అడిగి తిందండి."

ఆ మాట కోసమే మార్కండేయులు ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు. అయినా ఆ మాట వినగానే ఆయన నోటివెంట వచ్చింది ఇదీ: "సింహాచలం చూశాడా?"

చూడలేదు, టీకి వెళ్ళాడు అంది సిస్టర్. మార్కండేయులు గోడకి చేరగిలబడ్డాడు. సగమే విన్న ఆ రూలు ఇప్పుడు పూర్తిగా వినిపించింది. దీక్ష విరమించిన వెంటనే గది ఖాళీ. ఇన్నాళ్ళు ఎండిన ఒళ్ళు అన్నం అందుకోవడం మొదలుపెట్టినప్పుడే అసలు ప్రమాదం, గుండె అప్పుడే తడబడుతుంది, అప్పుడే కళ్ళలో వత్తులేసుకుని కాయాలి. సరిగ్గా అప్పుడే పిల్లని వీధిలోకి పొమ్మంటుంది ఆసుపత్రి. పైగా మర్నాడు ఆర్డీవో గారి తనిఖీ. ఆలోచిస్తూనే గదిలోకి వెళ్ళాడు. హిమజ చేతిలో ఇంకా కంచం ఉంది. మూడో ముద్ద కలుపుకుని దాని వంక చూస్తోంది.

"ఇవాళ్టికి ఇంక తినకమ్మా," అన్నాడాయన. "రేపు ఆర్డీవో గారు వచ్చి వెళ్ళేదాకా ఆగు."

హిమజ వెంటనే కంచం కింద పెట్టేసింది. ఆ మొహంలో అలక లేదు, ఆశ్చర్యం లేదు. పెద్ద బరువేదో దించేసుకున్నట్టు హాయి కనిపించింది. ఆ హాయి డాక్టరుని భయపెట్టింది.

"నా లోపల ఒకటి ఎప్పుడూ అదే అంటదండి," అంది హిమజ మెల్లగా. "ఇవాళ్టికి తినకు అని. మీరు కూడా అన్నారు కదండి ఇప్పుడు."

మార్కండేయులు వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఇలాంటప్పుడు తన మీద తనే ఒక జోకు వేసుకోవడం ఆయనకి అలవాటు. తిండి డాక్టరు వైద్యం చేసి రోగి చేత తిండి మాన్పించాడు, ఇంతకన్నా మంచి జోకు ఆయన జన్మలో దొరకదు. కానీ నవ్వు రాలేదు. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, ఈసారి వినడానికి ఎవరూ లేకపోయినా గొంతు బొంగురుపోయింది.

కళ్ళు తుడుచుకుని వెనక్కి వెళ్ళి, తాను అన్నది తప్పమ్మా, నువ్వు తినాలి, గది సంగతి నేను చూసుకుంటాను అని చెప్పాడు. హిమజ తలూపింది గానీ కంచం ముట్టుకోలేదు. అక్కణ్ణుంచి ఆయన నేరుగా సూపరింటెండెంట్ గదికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. హిమజది దీక్ష కాదు జబ్బనీ, అన్నం తినడం మొదలైందనీ, ఇప్పుడే ఆమెకి మంచం ఎక్కువ అవసరమనీ అన్నాడు.

భుజంగరావు గారు లేచి అభినందించి, కరచాలనం చేసి, గది ఎన్నింటికి ఖాళీ చేస్తారని అడిగారు. "తిన్న మనిషికి ఆసుపత్రితో పనేమిటండీ? రైలు దిగాక టికెట్టు ఇమ్మంటున్నారు మీరు."

ఎంత చెప్పినా ఆయన టికెట్టు దగ్గరే ఆగిపోయారు. మార్కండేయులుకి చిర్రెత్తుకొచ్చింది. మళ్ళీ ఒక ఆలోచన తట్టింది. తన తెలివితేటల మీద ఆయనకి అప్పటికే నమ్మకం పోయింది గానీ, వేరేవాళ్ళ తెలివితేటలు దగ్గరలో ఎక్కడా లేవు.

"అయితే ఆ గదిలో దీక్షకి నేను కూర్చుంటాను. నా డిమాండు, తినే రోగికి కూడా మంచం కావాలి. నాకు తోడుండే సహాయకురాలు హిమజ."

భుజంగరావు గారు రూలు చూశారు. వైద్యులు దీక్ష చేయరాదని ఎక్కడా లేదు. సహాయకులు జబ్బుగా ఉండరాదని కూడా లేదు. మార్కండేయులు పొట్ట వంక ఒకసారి ఎగాదిగా చూసి, మీ విషయంలో సంస్థకి చాలాకాలం కంగారుండదు అంటూ సంతకం పెట్టారు.

ఆ విధంగా డాక్టరు మంచం మీదికీ, రోగి పక్కనున్న బల్ల మీదికీ మారారు. సిస్టర్ రాహేలు పైకి ఆయన నాడి చూస్తూ, ఆ చేత్తోనే హిమజ నాడీ చూసేది. గోవర్ధనం సమితివాళ్ళు బ్యానరు మీద హిమజ పేరున్న చోట కాగితం అంటించి మార్కండేయులు పేరు రాశారు. ఖాళీ వదిలిన జానెడు చోటు అలాగే ఉంచారు.

ఆకలి గురించి ఎన్ని వేదికల మీద మాట్లాడినా, అది వస్తే ఎలా ఉంటుందో మార్కండేయులుకి తెలిసింది ఆ రోజే. సాయంత్రం టిఫిన్ల వేళకల్లా పెసరట్టు కళ్ళ ముందు కదలాడింది. రాత్రికి గోడ మీది వానచెమ్మ మరక కూడా పెసరట్టులాగే కనిపించింది. హిమజకి ఈ బాధ ఎన్నాళ్ళుగానో ఉందని ఆయన జాలిపడబోయి, వెంటనే ఆగి తన్ను తాను మొట్టుకున్నాడు. తాను తిండి కోసం అల్లాడుతున్నాడు, ఆ పిల్ల తిండిని చూసి వణికిపోతుంది. ఈ రెండూ ఒకటేననుకునే ఊళ్ళోవాళ్ళు తిని చూడు తగ్గిపోతుందంటున్నారు.

మర్నాడు తనిఖీకి వచ్చిన ఆర్డీవో గారు కొత్త డిమాండు విని తల పట్టుకున్నారు. "తినే రోగికి మంచము అనుచున్నారు. ఇది ఆమోదించినచో తమరు దీక్ష విరమించి భుజించెదరు. భుజించినచో తమరును తినే రోగి యగుదురు. తమకును మంచము ఈయవలెను. ఈ విధముగా జిల్లాలో భోజనము చేసిన ప్రతి పౌరుడును వచ్చి పరుండగలడు." దీనిపై పై వారి స్పష్టత కోరుతామని చెప్పి వెళ్ళిపోయారు.

ఆయన వెనకాలే పరామర్శలు మొదలయ్యాయి. క్లబ్బులవాళ్ళొచ్చి దండలు వేశారు. పాత విద్యార్థులొచ్చి కాళ్ళకి దండం పెట్టారు. ఏవండీ, ఎంత నిగ్రహమండీ, మొహంలో కళే మారిపోయిందండీ, కొంచెం తగ్గారు కూడానండీ అని ఒకరిని మించి ఒకరు పొగిడారు. ఆకలితో కళ్ళు బైర్లు కమ్ముతున్నా, ఆ మాటలు మార్కండేయులుకి చెవికి ఇంపుగానే ఉన్నాయి. అద్దం ఎక్కడైనా ఉందా అని గది నాలుగు వైపులా చూశాడు కూడా.

మధ్యాహ్నం సహాయకురాలి భోజనం వచ్చింది. హిమజ కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూర్చునే ఉంది. మార్కండేయులు తినమ్మా అన్నాడు. తినలేదు. ఏమైందమ్మా అన్నాడు.

"తినకపోతే మీకు దండలేత్తన్నారు కదండి," అంది హిమజ. "తగ్గారు, బావున్నారు అంటన్నారు. నాకూ మొదట్లో అందరూ అలాగే అనేవారండి. మరి తినకపోవడం గొప్పే కదండి."

మార్కండేయులు మెడలోని దండ తీసి పక్కన పెట్టాడు. అంతా తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. మొదట ఆ పిల్లని దీక్షాపరురాలిని చేసింది తనే. తినకు అని నోటితో చెప్పింది తనే. ఇప్పుడు ఎదురుగా కూర్చుని తినకుండా ఉండటం ఎంత గౌరవమో చేసి చూపిస్తున్నదీ తనే. ఆమె జబ్బు ఇంత బాగా ప్రచారం చేసుకోవాలంటే తన లాంటి ఉపన్యాసకుణ్ణి జీతమిచ్చి పెట్టుకోవాల్సి వచ్చేది. ఆయన మంచం దిగి, బల్ల మీద హిమజ పక్కన కూర్చున్నాడు. వీరవేణిని ఇంకో కంచం అడిగాడు.

"తింటే గది పోద్ది కదండి," అంది హిమజ కంగారుగా.

"పోతే పోనీ. ముందు తిందాం."

ఆయన అన్నంలో చారు పోసుకుని కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంత గంభీరంగా తిందామనుకున్నా, రెండో ముద్దకే ఆవురావురుమని తింటున్న సంగతి ఆయనకే తెలిసిపోయింది. చారు చొక్కా మీద ఒలికింది. హిమజ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన కంచంలో చెయ్యి పెట్టి, చిన్న ముద్ద కలిపి, కళ్ళు గట్టిగా మూసుకుని నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా మింగింది.

సరిగ్గా అప్పుడు సింహాచలం తలుపు తోశాడు. చారు కారుతున్న డాక్టరు గడ్డం చూశాడు, వైర్‌లెస్ సెట్టు తీశాడు. దీక్షాపరుడు దొంగచాటుగా భోజనం చేస్తూ పట్టుబడ్డాడన్న వార్త కింద టెంటు దాకా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. భుజంగరావు గారు రూలుతో సహా పైకొచ్చారు. స్పష్టత కోరే ఉత్తరం కింద ఆఫీసులో రాయిస్తున్న ఆర్డీవో గారు వెనక్కి తిరిగొచ్చారు. గోవర్ధనం ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చాడు, సమర్థించాలో ఖండించాలో ఇంకా తేల్చుకోలేదు. గది నిండిపోయింది.

"దీక్ష భగ్నమైంది. గది తక్షణం ఖాళీ చేయాలి," అన్నారు భుజంగరావు గారు.

మార్కండేయులు ఎంగిలి చేత్తోనే లేవబోయాడు. మాట్లాడింది ఇన్ని వేదికలెక్కిన ఆయన కాదు, హిమజ.

"ఇంకా తినడం అవలేదండి."

అందరూ ఆమె వంక తిరిగారు. ఆ చూపులకి పిల్ల కుంచించుకుపోయింది. వీరవేణి ముందుకొచ్చి అడ్డం నిలబడబోయింది. హిమజ తల్లిని ఆపి, ఈసారి కొంచెం గట్టిగా అంది.

"తింటన్నానండి. మీరందరూ చూత్తుంటే మింగుడుపడదు నాకు. అటు తిరగండి."

ముందు తిరిగింది సింహాచలం, ఆజ్ఞ వినపడితే తిరగడం అతనికి అలవాటే. ఆ తర్వాత ఫొటోగ్రాఫరు కెమెరా దించి తిరిగాడు. గోవర్ధనం తిరిగాడు. భుజంగరావు గారు రూలు కాగితం మడతపెట్టి తిరిగారు. ఆర్డీవో గారు నలుగురినీ చూసి, గత్యంతరం లేక గోడ వైపు తిరిగారు. మార్కండేయులు కూడా తిరగబోతే, మీరు కాదండి, మీరు తినండి అంది హిమజ.

జిల్లా యంత్రాంగమంతా గోడకి ముఖం పెట్టి నిలబడి ఉండగా, ఆ పిల్ల మళ్ళీ అన్నం కలుపుకుంది.

కాసేపటికి ఆర్డీవో గారు గొంతు సవరించుకుని గోడతో అన్నారు. "నిబంధనలలో దీక్ష విరమించిన వెంటనే అని మాత్రమే గలదు. విరమణ యనగా దీక్షాపరునిదియు, సహాయకురాలిదియు భోజనము పూర్తి యగుట. అది పూర్తి కానిదే గది ఖాళీ చేయించుట చెల్లదు. డాక్టరు గారూ, ఈ అమ్మాయి భోజనము పూర్తి యగుటకు ఎంత కాలము పట్టును?"

"నెలలు పట్టొచ్చండి," అన్నాడు మార్కండేయులు. "మధ్యమధ్యలో మళ్ళీ మానేసే రోజులు కూడా ఉంటాయి. ఏడాది కూడా పట్టొచ్చు."

భుజంగరావు గారు ఏదో అనబోయి దగ్గారు.

"అటులైనచో," అన్నారు ఆర్డీవో గారు, తల తిప్పకుండానే, "అంత వరకు విరమణ కార్యక్రమము కొనసాగుచున్నదని రాసుకొనుడు."

హిమజ చెయ్యి నోటి దగ్గర ఆగింది. వెనక నుంచి ఆ వీపులన్నింటినీ ఒకసారి చూసింది. తర్వాత తల వంచుకుని, అమ్మా, ఇంకొంచెం చారు పొయ్యి అంది.